చెవులతో నవ్విన అత్తగారు

కత్తెరక్క గురించి చెప్పాలంటే ముందు ఆమె చెయ్యి గురించి చెప్పాలి, ఆ తర్వాతే మొహం గురించి. లోకం మాత్రం ఎప్పుడూ దాన్ని తిరగేసి చూసింది.

ఆమె సోఫా కవర్లు కుట్టే వర్క్‌షాపులో గుడ్డ కోసే మనిషి. పొడుగాటి బల్ల, మెడలో టేపు, వేళ్ళ సందున అరిగిపోయిన సుద్దముక్క. మఖమల్ గుడ్డకి నూగు ఒకవైపుకే వాలుతుంది. వాలుకి నిమిరితే లేత రంగు, ఎదురు నిమిరితే ముదురు రంగు. రెండు ముక్కల్ని రెండు దిక్కుల్లో కోస్తే ఒకే సోఫా మీద ఎండా నీడా పడ్డట్టు ఉంటుంది. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు అదే. కత్తెరక్క అరచేత్తో గుడ్డని ఒకసారి రాసి, దిక్కు తెలుసుకుని, ఊపిరి బిగపట్టి కత్తెర పెట్టేది. ఆ చివర దాకా వెళ్ళాకే ఊపిరి వదిలేది. ఎవరూ నేర్పలేదు. పాత సోఫాల కవర్లు విప్పి, విప్పినదాన్ని బట్టి కోయడం నేర్చుకుంది. అసలు పేరేమిటని అడిగితే పక్క బల్ల మీద కుట్టే ఆవిడ కూడా కాసేపు ఆలోచించాల్సి వచ్చేది.

ఇక మొహం. కొడుకు ఇంకా చంకలో ఉన్న రోజుల్లో, ఒకనాడు పొద్దున్నే పుక్కిలిస్తుంటే నోట్లో నీళ్ళు నిలవలేదు. ఎడమ మూల నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మొహం ఎడమ సగం తాడు తెగిన పరదాలా వేలాడుతోంది. నరం వాచిందన్నాడు డాక్టరు. చాలామందికి కొన్నాళ్ళలో పూర్తిగా తగ్గిపోతుందన్నాడు. ఆయన చెప్పింది నిజమే, చాలామందికి తగ్గుతుంది. ఆమెకి సగం తగ్గింది. జారిన బుగ్గ పైకొచ్చింది, మాట తిన్నగా అయింది, కానీ ఆ పక్కకి కదలిక తిరిగి రాలేదు. కుడి పక్క నవ్వితే ఎడమ పక్క పొరుగింటి పెళ్ళికొచ్చినట్టు ఊరికే చూస్తూ ఉండిపోయేది.

అప్పట్లో ఆమె చాలా ఏడ్చింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఓదార్చడం చేతకాని మనిషి. ఆయనకి చేతనైనవి రెండే, స్క్రూడ్రైవరూ, వేళాకోళమూ. "ఏంటే, ఇంట్లో మేజిస్ట్రేటుని పెట్టుకున్నట్టుంది! ఇక నేను అబద్ధమాడి బతికినట్టే," అన్నాడు. ఏడుస్తున్న మనిషి ఫక్కున నవ్వేసింది. ఆ రోజు నుంచి ఆయనకి ఆమె మేజిస్ట్రేటు గారే. ఆ వేళాకోళం ఇంట్లో ఎంత పాతుకుపోయిందంటే, దాని కింద ఒక జబ్బు ఉందన్న సంగతే అందరికీ మరుగున పడిపోయింది. కొడుక్కి ఊహ తెలిసేసరికి అమ్మ మొహం అంటే అదే. అందులో చెప్పడానికేముంది? ఆమె కూడా మరిచిపోయింది. అద్దం పాపిడి తీసుకోవడానికి తప్ప అక్కర్లేని మనిషి.

బయటివాళ్ళు జంకేవారు. అదీ ఒకందుకు మేలే అయింది. "రేపటికల్లా కావాల్సిందే!" అని గొంతు పెంచుకుంటూ వచ్చినవాళ్ళు ఆమెని చూడగానే, "వీలు చూసుకునే కొయ్యండమ్మా, తొందరేం లేదు," అని నీళ్ళు నమిలేవారు. యజమాని ఆ బల్లని కావాలనే గుమ్మానికెదురుగా వేయించాడని వర్క్‌షాపులో చెప్పుకునేవారు.

ఇలా సాగిపోతున్న ఇంట్లోకి కోడలు వచ్చింది.

కోడలు బొమ్మలు వేస్తుంది. "జంతువుల బొమ్మలు," అన్నాడు కొడుకు సంబంధం సంగతి చెప్పిన రోజున. వాడు ల్యాబులో రక్తపరీక్షలు చేసేవాడు. వాడికి తెలిసిన వివరం అంతే. చూడబోతే అవి ఏనుగులూ గుర్రాలూ కావు. జపాన్ పద్ధతి బొమ్మలు. నక్క నక్కే, కానీ రెండు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది, చొక్కా తొడుక్కుంటుంది, సంచీ పట్టుకుని కూరగాయలకి వెళ్తుంది. మొహంలో సగం కళ్ళే. కంట్లో కిటికీ వెలుగు పడ్డట్టు ఒక తెల్లచుక్క. బుడిపంత ముక్కు. చెంపల పక్కన కుచ్చులుగా బొచ్చు. చేతికి మనిషి వేళ్ళే, అరచేతిలో మాత్రం పిల్లిపాదంలా మెత్తలు. నక్క మనిషైందా, మనిషి నక్కైందా అంటే రెండూ కాదు. ఎదురింట్లో కాపురం ఉండదగ్గ మూడో రకం ప్రాణి. పిల్లల పుస్తకాలకీ, దుకాణాల బోర్డులకీ, ఫోన్లలో పంపుకునే స్టిక్కర్లకీ అలాంటివి గీసిపెట్టడం ఆ పిల్ల జీవనం.

మొదటిసారి బొమ్మ చూసినప్పుడు మామగారు, "మావాడు నక్కతోక తొక్కి వచ్చాడన్నమాట!" అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. కత్తెరక్క ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూసింది. అంత ముచ్చటగా బట్టలు తొడుక్కున్న జంతువుని ఆమె ఎప్పుడూ చూడలేదు. మోచేతి దగ్గర చొక్కా ముడతలు కూడా పడాల్సిన చోటే పడ్డాయి.

"తోకకి ఎక్కడ వదిలావమ్మా?" అంది.

"ఏంటి అత్తయ్యా?"

"లాగులోంచి తోక బయటికి రావాలి కదా. నడుం పట్టీకి పైనా, కిందా? కింద వదిలితే కుట్టు మధ్యలో పడుతుంది, కూర్చుంటే చిరుగుతుంది. పైన వదిలితే లాగు నిలవదు."

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అడిగి, మురిపెంగా నవ్వింది. ఆ పిల్ల మొహం ఎర్రబడిపోయింది. "అంత దూరం ఆలోచించలేదు అత్తయ్యా," అని కాగితం బోర్లా పెట్టేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో గీసిన నక్కలన్నీ మోకాళ్ళ దాకా కోట్లు తొడుక్కున్నాయి. తోక గొడవ రాకుండా మంచి ఉపాయమే పట్టింది అనుకుని కత్తెరక్క మెచ్చుకుంది కూడా.

కోడలు వచ్చాక ఆమెకి దొరికింది ఒకటుంది. అది ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల భోజనాల బల్ల మీద వంగి ఒక పొడుగు గీత గీసేటప్పుడు ఊపిరి బిగపట్టేది. తోక మొదట్నుంచి చివర దాకా ఒక్క విసురులో పోయాకే వదిలేది. వంటగది గుమ్మంలో నిలబడి కత్తెరక్క ఆ ఊపిరి వినేది. ఇన్నేళ్ళూ అలా ఊపిరి బిగపట్టే మనిషి ఇంట్లో తనొక్కతే. ఇప్పుడు ఇద్దరయ్యారు. మాట్లాడుకోకపోయినా ఫర్వాలేదు, ఒక కప్పు కింద రెండు చేతులు పనిలో ఉన్నాయి, చాలు.

చాలు అనుకుంది కానీ, ఆ పిల్ల రోజురోజుకీ ముడుచుకుపోతోంది. "ఇది బాగుంది," అని కత్తెరక్క ఒక బొమ్మని మెచ్చుకుంటే మర్నాడు ఆ బొమ్మ చెత్తబుట్టలో ఉండేది. అంతకన్నా ఎక్కువ మెచ్చుకుంటే ఆ పూట అన్నమే సరిగా తినేది కాదు. భోజనాల దగ్గర మామగారు తన వంతు తాను చేసేవాడు. భార్య పెదవి కదలడం చూడగానే, "అమ్మాయ్, జాగ్రత్త! తీర్పు వెలువడుతోంది!" అనేవాడు. కొడుకు నవ్వేవాడు. కోడలు చెంచా కింద పెట్టేసేది.

"ఆ పిల్ల నన్ను చూసి ఎందుకు బెదురుతోందండీ?" అని ఒకరోజు భర్తని అడిగింది.

"మేజిస్ట్రేటు గారిని చూసి ఎవరు బెదరరు?"

"నేను సరదాకి అడగట్లేదు."

"కొత్త లిఫ్టు కూడా మొదట్లో కిర్రుమంటుందే. వాడగా వాడగా అదే సర్దుకుంటుంది."

సర్దుకోలేదు. ఒక సాయంత్రం కొడుకు చెప్పులు విప్పుతూ, తల్లి వైపు చూడకుండా అన్నాడు. "అమ్మా, మేం వేరే ఇల్లు చూసుకున్నాం. దీని పనికి వెలుతురున్న గది కావాలట. వచ్చే ఆదివారం సామాను తీసుకెళ్తాం."

లోపల ఏదో కుట్టు పటుక్కున తెగినట్టయింది. పిల్లలు బాధపడకూడదని, "మంచిది నాన్నా," అని నవ్వింది. గదిలోంచి తొంగిచూసిన కోడలు ఆ నవ్వు చూసి తల దించుకుని తలుపు చేరవేసుకుంది. వెలుతురుకేం కొదవ లేదు. ఆ గదికి రెండు కిటికీలున్నాయి. ఈ పిల్ల వెళ్ళిపోయేది వెలుతురు కోసం కాదు, తన వల్ల. తను చేసిన తప్పేమిటో మాత్రం కత్తెరక్కకి అంతు చిక్కలేదు.

మర్నాడు సెలవు. కోడలు భోజనాల బల్ల మీద కాగితాలన్నీ పరిచి, తీసుకెళ్ళాల్సినవి ఏరుకుంటోంది. రొట్టెల దుకాణం నడిపే ఒక నక్కమ్మ గురించి పిల్లల పుస్తకం తయారవుతోంది. ఆ దుకాణానికి వచ్చే జనమంతా అక్కడున్నారు. ఉత్తరాల సంచీతో ఉడుత, గొడుగు పట్టుకున్న ఎలుగుబంటి, చేతులు కట్టుకుని ఓరగా నిలబడ్డ అడవిపిల్లి. కత్తెరక్క గిన్నెలు తుడుస్తూ అటుగా వచ్చి ఆగింది.

"ఈ పిల్లి ఎవరమ్మా?"

"అతను వెటకారాల మనిషి అత్తయ్యా. రోజూ వచ్చి రొట్టెకి వంకలు పెడతాడు."

"చూడగానే తెలుస్తోంది సుమా. ఎలా తెప్పించావు?"

"మూతి ఒక పక్కకే లేచింది కదా. రెండు మూలలూ లేస్తే నవ్వు. ఒక్కటే లేస్తే ఎగతాళి. ఈ బొమ్మల్లో అది మొదటి పాఠం. చిన్నపిల్లలు కూడా ఇట్టే పట్టేస్తారు." అలా అని, ఎవరితో మాట్లాడుతోందో గుర్తొచ్చినట్టు చటుక్కున ఆగిపోయింది. కాగితాలు దగ్గరికి లాక్కుంది.

కత్తెరక్క గిన్నె అక్కడే పెట్టి లోపలికి వెళ్ళింది. గది తలుపు వేసుకుని అద్దం ముందు నిలబడి నవ్వింది. కుడి మూల లేచింది. కుడి కన్ను చిన్నదైంది. ఎడమ పక్క రాయిలా ఉంది. అద్దంలోంచి ఆ అడవిపిల్లి తనని చూస్తోంది.

మంచం మీద కూర్చుండిపోయింది. తోక గురించి అడిగి నవ్విన నవ్వు, బొమ్మని మెచ్చుకుని నవ్విన నవ్వు, నిన్న 'మంచిది నాన్నా' అని నవ్విన నవ్వు, అన్నీ ఆ పిల్లకి ఎలా కనిపించాయో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. వేరేవాళ్ళయితే చూసీ చూడనట్టు పోయేవాళ్ళు. మూతి వంపు చూసి మనసు చదవడమే పనిగా ఉన్న పిల్ల కాబట్టి అందరికన్నా పక్కాగా చదివింది, అందరికన్నా పక్కాగా పొరబడింది. ఆ పిల్ల తప్పేముంది?

సరే, చెప్పేస్తే పోతుంది కదా అనుకుంది. మాటలు ఆమెకి బొత్తిగా అచ్చిరావు. అయినా ఆ సాయంత్రం కోడలు మంచినీళ్ళకని వంటింట్లోకి వస్తే ఎదురెళ్ళి, గొంతు సవరించుకుని, "చూడమ్మా. నేను నవ్వితే అది నవ్వే. తెలిసిందా?" అంది.

కోడలు గ్లాసు గట్టిగా పట్టుకుంది. "తెలిసింది అత్తయ్యా," అని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మాట నోటి నుంచి వెళ్ళాక గానీ కత్తెరక్కకి అది బెదిరింపులా ఉందని తట్టలేదు. ఊరుకున్నంత ఉత్తమం లేదని ఊరికే అన్నారా!

దారి చూపించింది మాటలు కాదు, మళ్ళీ బొమ్మలే. మర్నాడు పని నుంచి వచ్చేసరికి కోడలు కొత్త కాగితం మీద కూర్చుని ఉంది. పుస్తకం వేసేవాళ్ళు ఒక మార్పు అడిగారట. రొట్టెలు చేసే మనిషి కాబట్టి నక్కమ్మ మూతికి గుడ్డ కట్టాలి. కాగితం నిండా ఒకటే మొహం వరసగా ఉంది. ముక్కు నుంచి గడ్డం దాకా గుడ్డ. కళ్ళు కూడా ఇంచుమించు ఒకటే.

ఈసారి కత్తెరక్క నవ్వకుండా జాగ్రత్తపడి అడిగింది. "ఒకే బొమ్మ ఇన్నిసార్లు ఎందుకమ్మా?"

"ఒకటి కాదు అత్తయ్యా. చెవులు చూడండి." పని గురించి అడిగితే ఆ పిల్లకి భయం కాస్త తగ్గేది. "నిటారుగా ఉంటే సంతోషం. రెండూ పక్కలకి వాలితే దిగులు. ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగితే ఏదో అనుమానం. వెనక్కి అతుక్కుపోతే కోపం. తోక ఉండనే ఉంది."

"మరి మూతి కనబడదు కదా?"

"అక్కర్లేదు. మొహం కదలకపోయినా ఫర్వాలేదు, చెవులు చెప్పేస్తాయి. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే."

మొహం కదలకపోయినా ఫర్వాలేదు. కత్తెరక్క ఆ మాట దగ్గరే ఆగిపోయింది. పక్క కుర్చీలో పేపరు చదువుతున్న మామగారు మాత్రం, "దానికి జపాన్ దాకా ఎందుకు? మనమూ చెవులు నిక్కబొడుచుకుంటాం, తోక ముడుస్తాం, ఎదుటివాడు తోక ఝాడిస్తున్నాడంటాం. లేని తోకలతోనే ఇంత సంసారం చేస్తున్నాం," అన్నాడు. కోడలు నవ్వింది. కత్తెరక్క నవ్వలేదు. ఆమె మనసులో అప్పటికే కొలతలు పడుతున్నాయి.

శనివారం మధ్యాహ్నం, వర్క్‌షాపులో అందరూ భోజనాలకి లేచాక, ముక్కల బుట్టలోంచి ఇటుక రంగు మఖమల్ తీసింది. ఆకు ఆకారంలో నాలుగు ముక్కలు. నూగు మొదలు నుంచి కొస వైపు వాలేలా చూసుకుంది. జంతువు చెవి మీద బొచ్చు అలాగే వాలుతుంది కదా. లోపలికి లేత రంగు నూలు గుడ్డ, అంచు చుట్టూ సన్నటి తీగ. తయారైన రెండు చెవుల్నీ గుడ్డ చుట్టిన హెయిర్‌బ్యాండుకి కుట్టేసింది. భోజనం ముగించి వచ్చిన పక్క బల్ల ఆవిడ చూసి ముచ్చటపడింది.

"ఎంత బాగున్నాయక్కా! ఏ చంటిదానికి?"

"నాకు."

పక్క బల్ల ఆవిడ గబగబా వెళ్ళి మిషను తొక్కుకోవడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నమంతా ఎవరూ కత్తెరక్క వైపు తిన్నగా చూడలేదు.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అద్దం ముందు చెవులు పెట్టుకుని నిటారుగా నిలబెట్టుకుంది. నెరిసిన జుట్టులోంచి రెండు ఇటుక రంగు చెవులు. ఈ వయసులో ఇదేం చోద్యం అనిపించింది. అయినా కత్తెర పడ్డాక వెనక్కి చూసేది లేదు. గదిలోంచి బయటికొస్తే భర్త ఎదురయ్యాడు. ఆయన చేతిలో కాఫీ గ్లాసు గాల్లో ఆగిపోయింది.

"మేజిస్ట్రేటు గారూ…"

"మీరు కాసేపు నోరు మూసుకోండి."

పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన మొదటిసారి మారు మాట్లాడకుండా నోరు మూసుకున్నాడు.

కోడలు నేల మీద కూర్చుని పెన్సిళ్ళు డబ్బాలో సర్దుకుంటోంది. కత్తెరక్క గుమ్మంలో నిలబడి, "ఇటు చూడమ్మా. నేనిప్పుడు నవ్వుతున్నాను," అంది. అని, నిండుగా నవ్వింది.

ఆ పిల్ల తలెత్తింది. డబ్బా చేతిలోంచి జారి పెన్సిళ్ళన్నీ గదంతా దొర్లాయి.

"అత్తయ్యా…" చెవుల వైపు వేలు చూపించింది. "అవి… అవి కోపం చెవులు."

"కోపమేంటి? నిలబెట్టాను కదా!"

"వెనక్కి పడిపోయాయి."

కత్తెరక్క తల తడుముకుంది. నిజమే. నాలుగడుగులు నడిచేసరికి మఖమల్ బరువుకి తీగ వంగి, చెవులు రెండూ వెనక్కి వాలి తలకి అతుక్కుపోయాయి. "తీగ సన్నదైపోయింది! నా తెలివి తెల్లారినట్టే ఉంది. సోఫాకైతే ఇలాంటి తీగ వేస్తానా నేను?" అని తనని తానే తిట్టుకుంది.

కోడలు ఒక్క క్షణం చూసింది. తర్వాత ఆపుకోలేక నవ్వింది. ఆ ఇంట్లో ఆమె అలా నవ్వడం అంతకుముందు ఎవరూ వినలేదు. నవ్వుతూనే లేచి వచ్చి, "ఉండండి, నేను నిలబెడతాను," అని అత్తగారి తల మీద చెయ్యి వేసింది. తీగని మొదట్లో వేళ్ళతో మెలిపెట్టి ఒక చెవి నిలబెట్టింది. అదే మొదటిసారి ఆమె అత్తగారిని తాకడం, అంత దగ్గరగా చూడడం. తన అవస్థకి కత్తెరక్క కనుబొమలు ఎగరేసి పైకి చూస్తోంది. కుడి పక్క నుదుటి మీద ముడతలు పడ్డాయి. ఎడమ పక్క నున్నగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది.

కోడలి చెయ్యి రెండో చెవి మీద ఆగిపోయింది.

"అత్తయ్యా, ఈ పక్క… ఈ పక్క కదలదా?"

"కదలదు. మీ ఆయన చంటివాడుగా ఉన్నప్పుడు వచ్చింది. నరం. పడుకుంటే ఈ కన్ను కూడా సరిగా మూతపడదు, గుడ్డ కట్టుకుంటాను. నాకు నవ్వొస్తే సగమే వస్తుందమ్మా. తక్కిన సగం లోపలే ఉంటుంది."

ఆ పిల్ల కళ్ళు గబగబా కదులుతున్నాయి, లోపల బొమ్మలు ఒక్కొక్కటే తిరగేస్తున్నట్టు.

"మరి నేను వచ్చిన కొత్తలో నా జుట్టు కత్తిరించుకుంటే చూసి…"

"నవ్వాను. బాగుంది నీకది."

"మా అమ్మ ఫోను చేసినప్పుడు నేను గట్టిగా మాట్లాడుతుంటే?"

"నవ్వాను. మా చెల్లెలూ అలాగే అరిచి మాట్లాడేది. గుర్తొచ్చింది."

"గోడకి రంగు వేస్తానని మీ గదిలో కూడా వేసేశాను కదా, అప్పుడు?"

"అప్పుడూ నవ్వే."

"నేను మీ మంచి కత్తెరతో అట్టముక్కలు కోశాను…"

"అది కోపం," అంది కత్తెరక్క. "అది మాత్రం నిజంగా కోపమే. గుడ్డ కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుందని ఎవరూ చెప్పలేదా నీకు?"

కోడలు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అత్తగారి భుజం మీద తల ఆనించింది. "ఇంతమంది మొహాలు గీస్తాను అత్తయ్యా. ఇంట్లో ఉన్న మొహం చూడలేకపోయాను," అంది.

"నువ్వే చూశావు. తక్కినవాళ్ళు చూడటమే మానేశారు. నాతో సహా."

గుమ్మం బయట మామగారు కాఫీ చల్లారిపోయిన గ్లాసుతో నిలబడి అంతా విన్నాడు. ఆ వేళాకోళం ఆయన ఆమె ఏడుపు ఆపడానికి మొదలుపెట్టాడు. అది పని చేసింది. పని చేసిన మందుని రోగం మారినా మానకుండా పోస్తూనే వచ్చాడు. లోపలికొచ్చి, కోడలితో, "అమ్మాయ్, తప్పు నాది. మొదటి రోజే చెప్పాల్సింది," అన్నాడు. వేళాకోళం లేకుండా ఒక వాక్యం పూర్తిచేయడం ఆయనకి కొత్త. చెవులు చిన్నగా ఎర్రబడ్డాయి.

మర్నాడు పొద్దున్నే కొడుకు మార్కెట్ నుంచి ఖాళీ అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. ముందు గదిలో దించి, చెమట తుడుచుకుంటూ, "ఏవి ముందు సర్దాలి?" అన్నాడు. కోడలు వాటిల్లో గట్టిగా ఉన్న పెట్టె ఏరుకుని, "ఇది నా కాగితాలకి పనికొస్తుంది. రెండో కిటికీ కింద పెట్టు," అంది.

"మరి ఇల్లు?"

"ఏ ఇల్లు?"

వాడు భార్యని చూశాడు, అమ్మని చూశాడు. అమ్మ నెత్తి మీద చెవులున్నాయి. రాత్రికి రాత్రి దళసరి తీగ వేసిన కొత్త చెవులు, నిటారుగా. వాడు ఇక అడగడం మానేసి పెట్టె మోసుకెళ్ళాడు.

సాయంత్రం కోడలు పనిలో కూర్చుంటే కత్తెరక్క తన కుర్చీ తెచ్చుకుని పక్కనే వేసుకుంది. గుమ్మంలో నిలబడి వినాల్సిన పని ఇక లేదు. నక్కమ్మ చెవి గీత కింది నుంచి పైకి వెళ్ళి, కొసన మలుపు తిరిగి దిగింది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"ఈ చెవులతో మాట్లాడించడం మొదట ఎవరికి తోచిందమ్మా?"

"ఒకరని చెప్పలేం అత్తయ్యా. జపాన్‌లో ఎంతోమంది. ఒకరు వేసింది చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. నేనూ వాళ్ళ బొమ్మలు చూసి దిద్దుకున్నదాన్నే. వాళ్ళలో చాలామంది పేర్లు కూడా నాకు తెలియవు."

కత్తెరక్కకి అలాంటివాళ్ళు బాగానే తెలుసు. ఆమె విప్పి నేర్చుకున్న పాత కవర్లని కోసినవాళ్ళకీ పేర్లు లేవు. ఎక్కడో దూరదేశంలో, ఏ బల్ల ముందో కూర్చుని, మొహం కదలకపోతే మాత్రం ఏం, ఇంకో దారి ఉందిగా అని గీసి చూపించిన మనిషి, తన కోసం గీస్తున్నానని అనుకుని ఉండదు. అయినా అది ఇన్ని చేతులు మారి, ఇంత దూరం నడిచి, తన ఇంటికే వచ్చింది.

"ఆ చేతులు చల్లగా ఉండాలి," అంది పైకే.

"ఏ చేతులు అత్తయ్యా?"

"అన్నీ. నీవి కూడా," అని, నవ్వింది. కోడలు పెన్సిలు పక్కన పెట్టి, ఆ సగం నవ్వుని తీరిగ్గా, నిండుగా చూసింది.